జెండా మీది ఏనుగు

మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో అస్సాయే అనే ఊరుంది. 1803 సెప్టెంబరు 23న ఆర్థర్ వెల్లెస్లీ అక్కడ సింధియా, భోంస్లే సేనలను ఓడించాడు. అతని కింద పోరాడిన మద్రాసు సిపాయిలలో తెలుగువారున్నారు. ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అనే పేరు ఊరికే రాలేదు. గెలిచిన పటాలాలకు కంపెనీ గౌరవ పతాకాలిచ్చింది. అస్సాయే పేరు, ఏనుగు బొమ్మ అలా వారి చిహ్నాలయ్యాయి.

తరువాతి మార్పులే మనం గమనించవలసినవి. 'యుద్ధజాతుల' సిద్ధాంతం ప్రబలి, ఆ పటాలాలలో ఒకటైన 2వ మద్రాసు పదాతిదళం 1903లో 62వ పంజాబీ దళమైంది. గౌరవం దళంతోనే ఉంది. దాన్ని సంపాదించినవారి మనుమలకు మాత్రం అందులో చోటు లేదు. 1947లో ఆ దళం పాకిస్తాను వాటాకు పోయింది.

1950 నవంబరు 23న మన సైన్యం రాజు పేరిటి పతాకాలను డెహ్రాడూన్‌లోని చెట్‌వుడ్ హాలులో భద్రపరచింది. వాటి స్థానంలో రాష్ట్రపతి పతాకాలు వచ్చాయి. స్వదేశీయులపై గెలిచిన యుద్ధాల పేర్లు ధరించరాదన్నారు. అస్సాయే అలా తొలగింది. ఏనుగు పోలేదు. మద్రాసు రెజిమెంటు చిహ్నంలో నేటికీ నిలిచే ఉంది. దాన్ని మరాఠ్వాడాలో చదివే తెలుగు పిల్లలకు ఎవరి ఏనుగని చెప్పాలో మాకింకా తేలలేదు.