పానకమునకు తగిన తీపి

చెఱకునుండి పుట్టు తీపిపదార్థములకు సంస్కృతమున గల పేరులన్నింటికి మన టీకాకారులు తఱుచుగా బెల్లము, పంచదార యను రెండు మాటలతోనే యర్థము చెప్పుచున్నారు. దీనివలన గ్రంథస్థములైన పానీయయోగములు బోధపడక పోవుచున్నవి.

కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్ష ప్రకరణమున ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర యను నైదింటిని క్షారవర్గముగా పేర్కొనెను. ఫాణితము మన కాకంబివలె చిక్కగా జాఱునది. శర్కర పలుకులుగా విడిపోవునది. ఈ శబ్దమునకు గులకరాయి యనియు నర్థము కలదు గదా! తుదిది మేలనియు మొదటిది హీనమనియు తలచుట సులభము. కాని సురాధ్యక్ష ప్రకరణమున నాసవయోగమును చూడుడు: వెలగ 1 తుల, ఫాణితము 5 తులలు, తేనె 1 ప్రస్థము. శర్కర యుండగా ఫాణితమునేల కోరెను? వెలగుజ్జుతో వెంటనే కలియుటకే యని నా యూహ. నేటి పానశాలలలో కాక్‌టెయిలు కలుపువారును పంచదారను ముందుగా నీట కరగించి పాకముగా నుంచుకొందురు. చల్లని మద్యమున పలుకు త్వరగా కరగదు. 1936 వరకు శ్రీకాకుళము చేరియున్న గంజాం మండలమున, ఆస్కాలో మించిన్ దొర 19వ శతాబ్దిలో నడిపిన చక్కెర కర్మాగారమునకు మద్యపు బట్టీయు తోడుగా నుండెను.

పాణిని గుడాదులకు ఠఞ్ ప్రత్యయమును 'అందు యోగ్యము' అను నర్థమున విధించెను. బెల్లమునకు తగిన చెఱకు 'గౌడికము' అని కాశిక యుదాహరణము. ఇచట యోగ్యత పనినిబట్టియే కాని తెలుపునుబట్టి కాదు.

విజయనగర ప్రాంతమున శ్రీరామనవమి పానకమునకు బెల్లమే వాడుక. నా బాల్యమున నొకయేడు మా వీథి పందిటిలో పంచదారతో కలిపిరి. మిరియపు ఘాటు నాలుకపై నొంటిగా నిలిచినది. శొంఠికి, ఏలకికి పొత్తు కుదురలేదు. పెద్దలు మొగమాటమున త్రాగిరి, పిల్లలము పాఱబోసితిమి.

బెల్లమును కొనుటలోను రంగే మోసము చేయును. అంగడిలో పసిమిగా మెఱయు దిమ్మను జనులు కోరుటచే కొందఱు వండునప్పుడు పాకమున హైడ్రోసు అను గంధకలవణమును కలుపుచున్నారు. ఆ మెఱుపు నిలువలో తగ్గి దిమ్మ నల్లబడును. గోధుమవన్నె కలిగి, విఱిచిన పెళుసుగా తునుగునది పానకమునకు మేలు. నీట కలిపి వడగట్టుట మాత్రము మఱవరాదు.

నిలువ చేయుట మా సముద్రతీరమున కష్టము. బెల్లమునందలి కొన్ని చక్కెరలు తేమను పీల్చును. వానకాలమున దిమ్మ చెమర్చును. మా యింట దానిని ఎండుటాకులలో చుట్టి కుండలో పెట్టి, మూతికి గుడ్డ బిగించి, పొయ్యికి పైనున్న అటుకపై నుంచెడివారు. అయినను ఆషాఢమునకు అడుగున కొంత కారెడిది. దానిని మా తల్లి పాఱవేయక పులుసులో వేసెడిది. గుడము మఱల ఫాణితమగుటను నేను మొదట చూచినది ఆ కుండయందే.