చలిజ్వరపు చరిత్ర: దోమ, ఇల్లు, మందు



మన పెద్దలు చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు వ్యవహరించిన వ్యాధికే వైద్యులు మలేరియా యని పేరిడిరి. అది ఇటాలియా దేశపు మాట. చెడుగాలి యని దాని యర్థము. మురుగుగుంటలమీదినుండి వీచు గాలియే ఈ జ్వరమునకు మూలమని ఐరోపాఖండమువారు వందల యేండ్లు నమ్మియుండిరి. ఆ నమ్మిక బొత్తిగా నిరాధారమని చెప్పరాదు. గుంట యుండుటయు నిజమే, దాని దాపున కాపురముండువారికి జ్వరము తగులుటయు నిజమే. ఆ రెంటికి నడుమ తిరుగు రాయబారి యెవరో తెలియకుండుటయే లోపము. ఆ రాయబారిని పట్టుకొన్న చోటు మన తెలుగునేలయే యని మీలో కొందరైన నెరుగుదురు.

1880వ సంవత్సరము నవంబరు 6వ తేదీన లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు ఆల్జీరియా దేశమునందలి కాన్‌స్టంటైన్ పట్టణమున రోగి నెత్తుటిలో కదలాడుచున్న సూక్ష్మజీవిని కనుగొనెను. అది యొకరినుండి యింకొకరికి ఎట్లు చేరుచున్నది? దోమను శంకింపవలెనని లండను నగరమున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1894లో రొనాల్డు రాసునకు చెప్పెను. ఈ రాసు 1857లో మన హిమాలయప్రాంతమునందలి అల్మోరాలో పుట్టినవాడు; ఇచ్చటి సర్కారు వైద్యశాఖలో ఉద్యోగి.

ఇచ్చట ఒక మాట. సుశ్రుతాచార్యుడు విషమజ్వరమును వర్ణించెను. వేరొక స్థానమున దోమలను ఐదు జాతులుగా విభజించి వాని కాటు లక్షణములను చెప్పెను. దీనిని చేతబట్టుకొని, రాసు కనుగొన్నదంతయు మనవారు ముందే చెప్పిరని వాదించువారు కలరు. నేను ఆ గ్రంథమును గురుముఖమున చదివినవాడనే. జ్వర మొకచోటను, దోమ యొకచోటను ఉన్నవి గాని, ఆ రెంటిని ముడివేసిన వాక్యము నాకు కానరాలేదు. ఆచార్యుని గొప్పతనమునకు ఆయన చెప్పినది చాలును. చెప్పనిదానిని మనము చేర్పనక్కరలేదు.

రాసు సికిందరాబాదున దోమలను పట్టి, జ్వరరోగులను కుట్టించి, వాని పొట్టలు కోసి చూచుచుండెను. రెండేండ్లు గడచినను ఫలము లేదు. ఏలయనగా ఆయన కోసినవి చాలవరకు తగని జాతి దోమలు. 1897 ఆగస్టు మాసమునాటి ఉక్కను ఆయనయే వ్రాసికొనియున్నాడు. పంకా లాగించినచో దోమలు ఎగిరిపోవును. కావున పంకా లేదు. చెమట కారి సూక్ష్మదర్శని మరలు త్రుప్పుపట్టెను. ఆ దినములలో చుక్కల రెక్కల దోమలు కొన్ని చేజిక్కెను. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమ కొక్కటికి ఒక అణా చొప్పున పుచ్చుకొని, తన శరీరము నప్పగించెను. చరిత్రలో రాసు పేరు నిలిచిన చోటనే ఈ హుసేన్ ఖాన్ పేరును నిలువదగినదని నా యభిప్రాయము. ఆగస్టు 20వ తేదీన ఆ జాతి దోమ పొట్టగోడలో, మలేరియా జీవికి మాత్రమే కల నల్లని రంగురేణువులుగల కణములు కనబడెను. ఆ తేదీని ప్రపంచమంతటను దోమల దినమని నేటికిని పాటించుచున్నారు. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి యధీనమున నున్నది.

పిమ్మట నేమి జరిగినది? పైవారు ఆయనను రాజపుత్రస్థానమునకు బదిలీ చేసిరి! అచ్చట మలేరియాయే యరుదు. తుదకు 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియాను పరీక్షించి, ఆ జీవి దోమ లాలాజలగ్రంథులలో చేరి కాటుద్వారా దిగుచున్నదని నిరూపించెను. ఆ సంవత్సరముననే గ్రాసి మొదలగు ఇటాలియా పండితులు మనుష్యుల జ్వరమును మోయునది అనాఫిలీసు జాతి దోమయే యని స్థాపించిరి. కీర్తి యెవరిదను కలహము వారిరువురి మధ్య చిరకాలము సాగెను. దానిని విడిచి మనకు పనికివచ్చుదానిని చూతము.

దోమయే దూతయైనప్పుడు ఇంటి తలుపును ఒక మందే కావలెను గదా! 1900 సంవత్సరమున మాన్సన్ ఇంగ్లండునందు ఒక కొయ్యయిల్లు చేయించి, తలుపులకు కిటికీలకు సన్నని తీగవల బిగించి, రోము నగరమునకు చేరువనున్న ఓస్టియా చిత్తడినేలలో నిలుపించెను. జ్వరము లేనివారే లేని ప్రదేశమది. సాంబన్, లో అను ఇద్దరు వైద్యులును, టెర్జి యను చిత్రకారుడును జ్వరకాలమంతయు దానిలో నివసించిరి. పగలు యథేచ్ఛగా తిరిగిరి. ప్రొద్దు గ్రుంకకమున్నే లోపలికి చేరిరి. చెడుగాలి రాత్రియంతయు వలగుండ లోపలికి వీచుచునేయుండెను. క్వినైను ముట్టలేదు. ఒక్కరికిని జ్వరము రాలేదు. అదే యేట రోమునుండి తెప్పించిన దోమలచేత మాన్సన్ లండనులో తన కుమారునే కుట్టించెను. ఆ చిన్నవాడు జ్వరమున పడి క్వినైనుతో లేచెను. తండ్రి సాహసమును మెచ్చుకొనవలెనో, నిందింపవలెనో నాకు తోచదు.

ఈ యింటివిద్య నూరేండ్ల పిదప ఆఫ్రికాఖండమున మరల తలయెత్తినది. గాంబియా దేశపు పూరిండ్లలో గోడకు కప్పునకు నడుమ చూరుక్రింద సందు విడుతురు. నిదురించువారి నిట్టూర్పులోని బొగ్గుపులుసు వాయువు ఆ సందున వెలికిపోవును. దాని జాడ పట్టుకొని దోమ ఆ త్రోవనే లోపలికి వచ్చును. 2009లో ప్రకటితమైన పరిశోధనలో, వల బిగించిన యిండ్లలోని పిల్లలలో నూటికి సుమారు 19 మందికి రక్తహీనత యుండగా, మామూలు ఇండ్లలో 30 మందికి ఉండెను. అయితే సందులన్నియు మూసినచో ఇల్లు ఉడుకుపొయ్యి యగును. రేకు కప్పైనచో చెప్పనేల! ఉక్కకు తాళలేక జనులు దోమతెర తీసివేయుదురు, తలుపు తెరతురు. కావున నేటి వాస్తుశిల్పులు గోడ లేవకమున్నే గాలి యే ద్వారమున వచ్చి యే ద్వారమున పోవునో, నడిరేయి వేడి యెంత యుండునో గణనయంత్రముపై లెక్కగట్టి, మాదిరియిండ్లలో సరిచూచుకొనుచున్నారు. గాంబియాలో గుడిసెను నేలనుండి 3 మీటర్ల యెత్తున మన పొలములలోని మంచెవలె నిలిపి చూడగా, లోనికి వచ్చు దోమలు నూటికి 84 పాళ్లు తగ్గెను. ఇంటిబాగువలన ప్రతిచోట ఫలము కనబడినదని మాత్రము చెప్పరాదు. పిల్లలందరును మందు పట్టించిన దోమతెరలలో నిదురించు గాంబియా గ్రామములలోనే, క్రొత్త కప్పులు వేసి చూరులు మూసినను జ్వరము అంతకంటె తగ్గలేదని 2021లో వెల్లడియయ్యెను.

ఇక మందు. సింకోనా బెరడునుండి క్వినైనును ఫ్రెంచివారు 1820లోనే వేరుపరచిరి. తరువాత వచ్చిన క్లోరోక్వినునకు సూక్ష్మజీవి క్రమముగా అలవాటుపడి లొంగకపోయెను. 1967లో చీనా ప్రభుత్వము క్రొత్తమందును వెదకుటకు ఒక రహస్యప్రయత్నము ప్రారంభించెను. తు యూయూ అను విదుషి ప్రాచీన వైద్యగ్రంథములను తిరుగవేయుచు, నాలుగవ శతాబ్దివాడగు గె హోంగ్ అను వైద్యుడు ఒక మాచిపత్రిజాతి మొక్కను నీట నానబెట్టి పిండి త్రాగుమన్నాడే గాని కాచుమనలేదని గ్రహించెను. మన వైద్యమున స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని ఐదు విధములు గదా. కాచినది క్వాథము, చల్లనీట నాన్చినది హిమము. వేడికి మందు నశించుచున్నదని యామె యూహించి, తక్కువ వేడికే మరగు ఈథరుతో సారము తీసెను. 1971 అక్టోబరులో 191వ సంఖ్యగల సారము ఎలుకలలో పూర్ణఫలము నిచ్చెను. మరుసటి యేట తానే త్రాగి పరీక్షించి, అపాయము లేదని తేలినపిమ్మటనే రోగుల కిచ్చెను. 2015లో నోబెలు బహుమాన మందెను.

దాని గుట్టు పరమాణువుల ముడిలో నున్నది. ఆర్టిమిసినిన్ అను ఈ పదార్థపు అణువులో 15 కర్బనము, 22 ఉదజని, 5 ఆమ్లజని పరమాణువులు కలవు. ఆ ఆమ్లజనులలో రెండు ఒకదానికొకటి నేరుగా ముడిపడియున్నవి. కర్బనముతో కర్బనము కలిసిన ముడి మోకువంటిది. ఈ ముడి నానిన అరటినారవంటిది. మలేరియా జీవి రక్తపు ఎరుపును మేయును. మేసినకొలది దానిలోని యినుము వెలువడును. ఆ యినుము తగులగానే బలహీనపుముడి తెగి, తెగిన కొనలు దొరికినదానినెల్ల పట్టి కాల్చివేయును. సూక్ష్మజీవికి తాను తిన్న తిండియే మిత్తియగును. ముడి గట్టిదైనచో మందు పనిచేయదు. వేడికి ఆ ముడి చెడినను పనిచేయదు.

నేను మన్యపు టంచున పంతులుగా నున్న దినములలో వానలు వెనుకబట్టగానే హాజరుపట్టీలో ఖాళీలు పెరుగుచుండెడివి. అయినను బడికి వచ్చు వయసువాడు కొంత తట్టుకొనును. పలుమార్లు జ్వరపడి శరీరము పోరాటము నేర్చుకొనును. నేర్చుకొనకమున్నే పోవువారు ఐదేండ్లలోపు పసివారు. 2023లో ఈ వ్యాధిచే మరణించినవారు సుమారు 5,97,000 మంది యని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. నూటికి 95 పాళ్లు ఆఫ్రికాప్రాంతమున. అందు నూటికి 76 పాళ్లు ఐదేండ్లలోపువారు.

కావున రోగము వచ్చినపిమ్మట మందు పోయుటకంటె, రాకమున్నే యిచ్చు పద్ధతి వచ్చినది. సహారా యెడారికి దక్షిణమున వాన కొలదినెలలే కురియును. జ్వరమును ఆ నెలలలోనే ముసురును. 3 నెలలు మొదలు 59 నెలల వయసువరకు గల బిడ్డలకు వానకాలమున నెలకొకసారి మూడుదినములు మాత్రలిమ్మని 2012లో ఆ సంస్థ నిర్ణయించెను. 2021లో మొదటి మలేరియా టీకాకు అనుమతి వచ్చెను. ఆ యేటనే బుర్కినా ఫాసో, మాలి దేశముల ఫలితములు వెలువడెను. మాత్రలు, టీకా రెండును పొందిన బిడ్డలలో, మాత్రలు మాత్రమే పొందినవారికంటె జ్వరము నూటికి 60 పాళ్లకు పైగా తగ్గెను. రెండవ టీకా 2023లో వచ్చినది; ఆక్స్‌ఫర్డు పండితులు రూపొందింపగా మన పూనా నగరమున తయారగుచున్నది. 2024 జూలైలో ఐవరీకోస్టు దేశమున దానిని పసిబిడ్డలకు వేయ నారంభించిరి.