పాటే మన పట్టా

ఆదివాసులకు చరిత్ర లేదనే మాట ఇప్పటికీ వింటున్నాం. కోయల చరిత్ర డోలి మీద ఉంది, పడిగె గుడ్డ మీద ఉంది. పెళ్లిలో, చావులో, వేల్పుల కొలుపులో డోలివాళ్లు మన గట్టు, మన ఇంటిపేరు, మన వేల్పు పేరు చెప్పి పాడతారు. ఆదిలాబాద్ గోండులకు ఈ పని ప్రధాన్‌లు చేస్తారు. కీక్రీ వాయిస్తూ నాలుగు, అయిదు, ఆరు, ఏడు సగల పుట్టుక కథలు పాడతారు. ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చో కూడా ఆ పాటే తేలుస్తుంది.

ఈ పాటల్లో ముందు వినిపించేది మన మీద మనకున్న ప్రేమ. మేం ఫలానా వేల్పు బిడ్డలం, ఈ గుట్ట మాది, ఈ వాగు మాది అని పాట చెబుతుంది. ఆ ప్రేమ నుంచే కాపాడుకోవాలనే పట్టుదల పుడుతుంది. మేడారం కథే చూడండి. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేన వచ్చిందని మన పెద్దలు చెబుతారు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ పోరులో ఒరిగారు. సంపెంగ వాగులో ప్రాణం విడిచిన జంపన్న పేరే ఆ వాగుకు నిలిచింది. సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణె అయింది. యుద్ధంలో ఓడినా మన పాట తల దించుకోలేదు. ఆ తల్లిని రెండేళ్లకోసారి గద్దెకు తెచ్చుకుంటున్నాం.

1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. బడికి పోని ముసలివాళ్లకు కూడా ఆయన పేరు తెలుసంటే కారణం పాట.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. మన గొప్ప పాడేవాళ్లను మనమే ఒక మెట్టు కింద కూర్చోబెట్టాం. ప్రధాన్‌లు, తోటీల విషయంలో ఇది జరిగింది. పాటను మెచ్చి పాడేవాడిని తక్కువ చేస్తే అది ఆత్మగౌరవం ఎలా అవుతుంది? మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి పెద్దమనిషి పోతే ఆయనతో పాటు ఎన్నో తరాల పేర్లు పోతాయి.

ఆ పేర్లు నేలకు సంబంధించినవి కూడా. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే సాక్ష్యంగా తీసుకుంటారు. పాత బావులు, శ్మశానాలు, వేల్పుల చోట్లు కూడా సాక్ష్యమే. మన తాతల సమాధులు ఎక్కడున్నాయో, వేల్పు ఏ చెట్టు కింద ఉందో తెలిసినవాడు ఎవరు? ఆ పాట విన్నవాడే. పాట మరిచినవాడు గ్రామసభలో లేచి ఏం చెబుతాడు?

అందుకే టీచర్ మిత్రులకు ఒక మాట. డోలివాళ్లను, ప్రధాన్‌లను బడికి పిలవండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పిల్లలతో పాట రాయించండి. కోయ మాట, గోండి మాట ఎలా పలికితే అలాగే తెలుగు లిపిలో రాయనివ్వండి. సవరించకండి. పాటలో వచ్చే ప్రతి గుట్ట, వాగు పేరు పక్కన అది ఏ ఊరి పొలిమేరలో ఉందో రాయించండి. యువకులు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక చెప్పాలి. ఈ వేసవి సెలవుల్లో ఊరికి ఒక్క పాట రాసుకున్నా, వచ్చే గ్రామసభకు మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.