కాపిశాయనం నుంచి కల్లులొట్టి వరకు

ద్రాక్షమద్యానికి అది పుట్టిన సీమ పేరు పెట్టడం ఫ్రాన్సు దేశస్థులు నేర్పిన పద్ధతి అని చాలామంది నమ్మకం. బోర్డో, బర్గండీ, షాంపేన్ అన్నవన్నీ ఊళ్ళ పేర్లో, సీమల పేర్లో అన్న మాట నిజమే. అయితే కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులు చెప్పే ప్రకరణం చూడండి. ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని ‘మధు’ అంటారనీ, పుట్టిన చోటును బట్టి దానికి ‘కాపిశాయనం’, ‘హారహూరకం’ అన్న పేర్లున్నాయనీ అందులో స్పష్టంగా ఉంది. కాపిశ అంటే నేటి కాబూలుకు ఉత్తరాన ఉన్న సీమ. అంటే ద్రాక్షమద్యం మన దేశంలో దూరప్రాంతపు సరుకు, ధనవంతుల పానీయం. సామాన్యులకు బియ్యంతో, పిండితో, బెల్లంతో చేసినవే గతి.

ఆ ప్రకరణంలోనే నాకు ఆసక్తి కలిగించే విషయాలు మరి రెండున్నాయి. ఉత్సవాలకు, జాతరలకు, యాత్రలకు నాలుగు రోజులపాటు మద్యం తయారుచేసుకునే అనుమతి ఇవ్వాలన్నది ఒకటి. అరిష్టాల తయారీలో వైద్యుల మాటే ప్రమాణమన్నది రెండోది. పండుగ, ఖజానా, వైద్యం ఈ మూడూ ఒకే ముంత చుట్టూ తిరగడం అప్పటికే మొదలయింది. ఈ వ్యాసమంతా ఆ మూడింటి కథే.

మన వేములవాడ ప్రాంతానికి వద్దాం. పదో శతాబ్దంలో ఇది చాళుక్యుల రాజధాని. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి 941లో విక్రమార్జున విజయాన్ని రచించాడు. ఆ తరువాత పద్దెనిమిదేళ్ళకు, అంటే 959లో, సోమదేవసూరి అనే జైనాచార్యుడు గంగధారలో యశస్తిలకం అనే సంస్కృత చంపూకావ్యాన్ని పూర్తి చేశాడు. కరీంనగర్ జిల్లాలోని నేటి గంగాధర అదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ కావ్యం చివరి ఆశ్వాసాలు జైన గృహస్థుల ధర్మాన్ని వివరిస్తాయి. మద్యం, మాంసం, తేనె ఈ మూడింటినీ విడిచిపెట్టడం అందులో తొలి మెట్టు. ఇంత గట్టిగా వద్దని చెప్పవలసి వచ్చిందంటే చుట్టూ తాగేవారు తక్కువేమీ కాదని నా ఊహ. ఎవరూ చేయని పనిని ఎవరూ నిషేధించరు కదా!

ఆ రెండు సంప్రదాయాలూ నేటికీ వేములవాడలో పక్కపక్కనే ఉన్నాయి. సోమవారం రాజన్న గుడికి కోడెమొక్కు చెల్లించి, శివునికి బిల్వపత్రం సమర్పించిన భక్తులే మర్నాడు బద్ది పోచమ్మకు బోనం ఎత్తుతారు. అక్కడ అమ్మవారికి కల్లు సాక పోస్తారు, కోడినో మేకనో మొక్కు తీరుస్తారు. ఏ దేవునికి ఏది నైవేద్యమో జనానికి తెలుసు, ఎవరూ పొరబడరు. ఏ మద్యానికి ఏ వంటకం జత అని పాశ్చాత్యులు పుస్తకాలు రాసుకున్నారు. మనవాళ్ళు రాయలేదుగానీ పాటించారు. పొద్దుటి తీయని కల్లుకు ఉడకబెట్టిన శనగ గుడాలు, సాయంత్రపు పుల్లని కల్లుకు కారం దట్టించిన బోటి కూర, వానకాలం ఎండు చేపలు, దసరా నాడు జమ్మి చెట్టుకు మొక్కివచ్చిన తరువాత మేకమాంసం. పులుపు కొవ్వును విరుస్తుంది, తీపి కారాన్ని తగ్గిస్తుంది. పారిస్‌లో చెప్పినా వేములవాడలో చెప్పినా నాలుక ధర్మం ఒకటే.

ఇక కల్లు స్వభావం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తాటి చెట్టు నుంచి, ఈత చెట్టు నుంచి కారే రసంలో నూటికి పది నుంచి పధ్నాలుగు పాళ్ళ వరకు చక్కెర ఉంటుంది. గౌడు మోకు, ముత్తాదు వేసుకుని చెట్టెక్కి, గెలను కత్తితో పలుచగా చెక్కి లొట్టి కడతాడు. లోపల సున్నం పూసిన కుండలో రసం పులియదు, అది నీరా. సున్నం లేని లొట్టిలో గాలిలోని, పాత లొట్టి గోడలోని ఈస్టు కణాలు వెంటనే పని మొదలుపెడతాయి. వాటికి తోడుగా జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. కొన్ని గంటల్లో ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది. మరికొంత సేపటికి ఎసిటిక్ ఆమ్లం పెరిగి పులుపెక్కుతుంది. మరునాటికి అది వెనిగరుకు దగ్గరి చుట్టం. ద్రాక్షమద్యాన్ని పీపాలో పదేళ్ళు దాచి ధర పెంచుకోవచ్చు. కల్లుకు ఆ యోగం లేదు. చెట్టు ఉన్న ఊళ్ళోనే, దించిన పూటే తాగవలసిన పానీయం అది. అందుకే కల్లుకు దూరదేశపు వ్యాపారం పెరగలేదు, ఊరూరా గౌడు ఉన్నాడు. ఈ లక్షణమే తరువాత దానికి చేటు తెచ్చింది. ఆ సంగతి ముందు వస్తుంది.

గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్తే చెట్టు మారుతుంది. అక్కడ ఇప్ప. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను గోండులు, కొలాములు ఏరి ఎండబెట్టుకుంటారు. పువ్వు తియ్యనిది, తిండి లేని రోజుల్లో ఉడికించుకుని కడుపు నింపుకున్నారు. నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పెట్టి సారా కూడా దించారు. చరకసంహితలో మధూకాసవం ఉంది. మధూకం అంటే ఇప్పే. మా వైద్యకళాశాలల్లో ఈ సంగతి చెప్పేవారు కాదు. గోండుల కొలుపుల్లో దేవునికి, పితరులకు ధార పోసిన తరువాతే మనుషులు ముట్టుకోవడం ఆచారం. 1940లో జోడెఘాట్ వద్ద కుమ్రం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం మేల్కొని, ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో నివసించి గోండుల జీవితాన్ని పరిశీలించి 1948లో గ్రంథం ప్రచురించాడు. భీం పోరాటం నినాదం జల్, జంగల్, జమీన్. అడవి మీద హక్కు అంటే అందులో ఇప్పచెట్టు మీద హక్కు కూడా ఉంది. బొంబాయి రాష్ట్రంలో బ్రిటిషు ప్రభుత్వం 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. పువ్వు ఏరడం, నిల్వచేయడం నేరమయింది. ఆకలి తీర్చే పువ్వును ఖజానా కళ్ళతో చూస్తే అలాగే కనిపిస్తుంది.

నిజాం రాజ్యంలో ఆబ్కారీ శాఖ ముఖ్యమైన ఆదాయ వనరు. ‘ఆబ్’ అంటే పర్షియనులో నీరు. చెట్టుకు పన్ను, సేందీఖానాకు వేలం, గుత్తేదారుకు ఊళ్ళ మీద పెత్తనం. చెట్టెక్కే గౌడుకు మిగిలేది తక్కువ, పడితే నడుము విరగడం అదనం. పద్దెనిమిదో శతాబ్దారంభంలో మొగలు అధికారాన్ని ధిక్కరించి 1708లో వరంగల్ కోటను కొల్లగొట్టిన సర్వాయి పాపన్న కల్లుగీత కులంవాడే. 1947లో హైదరాబాద్ సంస్థానాన్ని భారతదేశంలో కలపాలన్న ఉద్యమంలో సత్యాగ్రహులు తాటి, ఈత చెట్లను నరికారు. నిజాం ఖజానాను దెబ్బతీయడం వారి ఉద్దేశం. చెట్టు మీద బతికే గౌడు ఆ రోజు ఏమనుకున్నాడో చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనబడదు.

స్వాతంత్ర్యం తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. ప్యాకెట్లలో ప్రభుత్వ సారా ‘వారుణి వాహిని’ వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం అయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇప్పుడు ప్రతి మండల కేంద్రంలోనూ ‘వైన్స్’ అని పెద్ద బోర్డు ఉంటుంది. లోపలికి వెళ్ళి ద్రాక్షమద్యం అడిగితే దుకాణదారు వింతగా చూస్తాడు. అతని దగ్గరున్నవి బీరు, విస్కీ, బ్రాందీ. పేరు మాత్రం వైన్స్.

కల్లు చేటు మొదలయింది చెట్లు తగ్గి దుకాణాలు పెరిగినప్పుడు. దించిన పూటే తాగవలసిన పానీయాన్ని ఏడాది పొడవునా, ఎన్ని సీసాలంటే అన్ని సీసాలు అమ్మాలంటే చెట్టు చాలదు. నీళ్ళు, చక్కెర, శాకరిన్, కొంచెం అసలు కల్లు కలిపితే రంగు, రుచి కుదురుతాయి, మత్తు రాదు. ఆ లోటును మందుల కంపెనీల సరుకుతో పూడ్చారు. మొదట క్లోరల్ హైడ్రేట్. దీన్ని 1832లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. 1869 నుంచి నిద్రమందుగా వాడారు. ఆసుపత్రుల్లో దాని వాడకం తగ్గిపోయిన తరువాత తెలంగాణ కల్లుసీసాల్లో దానికి రెండో జన్మ వచ్చింది. ఆపై 1963లో మార్కెట్లోకి వచ్చిన డయజిపామ్, తరువాత అల్ప్రాజోలామ్. మూర్ఛ ఆపడానికి, ఆందోళన తగ్గించడానికి మేము మిల్లీగ్రాముల్లో రాసే మందులను కొలత, తూనిక లేకుండా పీపాల్లో కలిపారు.

నా సర్వీసులో ఇటువంటి రోగులను వందలమందిని చూశాను. కల్లు దుకాణం ఏ కారణం చేతనైనా మూతపడితే రెండో రోజుకో మూడో రోజుకో వారు రావడం మొదలయ్యేది. చేతులు వణుకుతుంటాయి, నాలుక తడబడుతుంది, నిద్ర ఉండదు. గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు. కొందరికి ఉన్నట్టుండి మూర్ఛ వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, అది పనిచేయక తెచ్చేవారూ ఉండేవారు. మెదడులో గాబా అనే రసాయనం నాడులను శాంతపరుస్తుంది. ఆల్కహాల్, డయజిపామ్, అల్ప్రాజోలామ్ మూడూ దానికే బలం ఇస్తాయి. నెలల తరబడి బయటి నుంచి అందినది హఠాత్తుగా ఆగిపోతే, కళ్ళెం తెగిన గుర్రంలా నాడులు చెలరేగుతాయి. ఉపసంహరణ లక్షణాలు అంటే ఇవే. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఇటువంటి రోగులతో నిండిపోయాయి. దాడి అవసరమే. దానికి ముందు ఆసుపత్రుల్లో పడకలు, మందులు సిద్ధం చేయడం అంతకన్నా అవసరం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

“అసలు కల్లు అయితే మంచిదే కదా డాక్టరు గారూ?” అని అడిగేవారు చాలామంది. లెక్క చెబుతాను. అయిదు శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేది సుమారు 20 గ్రాములు. కల్లులో బి-విటమిన్లు కొద్దిగా ఉన్న మాట నిజం. అవి జొన్నరొట్టెలోనూ ఉన్నాయి. ఎర్ర ద్రాక్షమద్యం గుండెకు మేలని 1990లలో ఫ్రాన్సు నుంచి బయలుదేరిన వాదన ఇప్పుడు బాగా బలహీనపడింది. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. నీరాలో మత్తు లేదు, కాని చక్కెర ఉంది. పెద్ద గ్లాసుడు నీరా తాగితే ముప్పై గ్రాముల పైచిలుకు చక్కెర లోపలికి వెళుతుంది. మధుమేహులు ఇది గుర్తుంచుకోవాలి. కల్లుతో బోటి, కాలేయం తినే అలవాటున్నవారికి రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి బొటనవేలి కీలు వాచిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపూలతో లడ్డూలు చేస్తున్నారు. గిరిజన వసతిగృహాల పిల్లలకు అవి అందుతున్నాయి. ఇప్పపువ్వును మొదట తిండిగానే చూసిన గోండులకు ఇది కొత్త సంగతి కాదు.

ఇంట్లో ఎవరైనా ఏళ్ళ తరబడి దుకాణపు కల్లు తాగుతుంటే, కోపంతో గదిలో పెట్టి తాళం వేసి ఒక్కరోజులో మాన్పించకండి. పగలే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకు ముందు మూర్ఛ వచ్చిందా అన్న నాలుగు సంగతులు వైద్యునికి దాచకుండా చెప్పండి. తగిన మందు ఇచ్చి, మోతాదును రోజురోజుకూ తగ్గిస్తూ వారం పదిరోజుల్లో, అవసరమైతే ఇంకా నిదానంగా, మాన్పిస్తారు. రాత్రివేళ మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా 108కి ఫోను చేయండి.