హ్యాండిల్ చేతికి చెప్పే సంగతులు

పాత అంబాసిడర్ ముందుభాగంలో, రేడియేటరుకు కింది వైపున, హ్యాండిల్ దూర్చడానికి ఒక రంధ్రం ఉండేది. వంపు తిరిగిన ఇనప కడ్డీని అందులోకి తోసి, క్రాంకు పుల్లీ నట్టుకు తగిలించి తిప్పితే లోపల ఇంజను మొత్తం కదిలేది. బ్యాటరీ దిగిపోయిన రోజున బండి స్టార్టు చేయడానికే అది ఉందని చాలామంది అనుకుంటారు. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడ్డ మా నాన్న, బండి చక్కగా నడుస్తున్న రోజుల్లోనూ డిక్కీలోంచి హ్యాండిల్ తీసేవాడు. ఆ బండి ఇప్పుడు నా దగ్గరుంది. అలవాటు కూడా నాకే వచ్చింది.

స్టార్టు చేసే పని హ్యాండిల్ చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. 1912లో కాడిలాక్ కంపెనీ కరెంటు స్టార్టరుతో కార్లు అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు ఇంజను వెనక్కి తన్ని మణికట్లు విరిగిన డ్రైవర్లు లోకమంతా ఉన్నారు. అందుకే బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలనీ, కడ్డీని కిందికి నొక్కకుండా పైకి లాగాలనీ నాన్న నాకు మొదటే నేర్పాడు. ఆ సెల్ఫ్ స్టార్టరు వచ్చాక కూడా హ్యాండిల్ దశాబ్దాల పాటు బండిలో ఉండిపోయిందంటే, దానికి ఇంకో పని ఉంది గనకే.

ఆ పని మెకానిక్కుది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసేసి, హ్యాండిల్‌ను రెండు చుట్లు తిప్పితే నాలుగు సిలిండర్లూ ఒకదాని తర్వాత ఒకటి చేతికి ఎదురు తిరుగుతాయి. 1-3-4-2 వరుస. ఏ ఒక్కచోట ఆ ఎదురు తేలిపోయినా, వాల్వు సరిగా కూర్చోవడం లేదనో రింగులు అరిగాయనో విప్పకుండానే తెలుస్తుంది. ప్లగ్గులు తీసేస్తే ఆ బరువు పోయి ఇంజను మెత్తగా తిరుగుతుంది. అప్పుడు ట్యాపెట్లు సెట్ చేయాలి. 1489 సీసీ ఇంజనులో ఎనిమిది వాల్వులు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాని సందు చూడాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఫీలర్ గేజీ 0.015 అంగుళం. ఇది సెల్ఫ్ కొట్టి చేసే పని కాదు, ఎందుకంటే సెల్ఫ్‌కు వెంట్రుకవాసి కదలడం రాదు. నెలల తరబడి నిలబెట్టిన బండి అయితే ప్లగ్గుల రంధ్రాల్లో కాస్త ఆయిలు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున నెమ్మదిగా తిప్పాలి. తుప్పుకు అంటుకున్న రింగుల్ని బలవంతంగా లాగితే బోరు గీసుకుపోతుంది. చేయి ఎక్కడ ఆగాలో చేతికే తెలుస్తుంది.

మా బెంగళూరుకు ఇంజన్లతో ఉన్న బంధం గట్టిది. మన తెలుగునాటి మోక్షగుండం నుంచి పూర్వీకులు తరలివెళ్లిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య 1935లో యూరప్, అమెరికా తిరిగి, దేశంలో కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని పథకం రాశారు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ముందుకొచ్చాడు, మైసూరు సంస్థానం సాయానికి సిద్ధపడింది, కానీ బ్రిటిష్ ప్రభుత్వం సాగనివ్వలేదు. ఆ వాల్‌చందే 1940 డిసెంబరులో బెంగళూరులో విమానాల కంపెనీ పెట్టాడు. అదే నేటి హెచ్ఏఎల్. కార్ల ఫ్యాక్టరీ బొంబాయికి పోయింది. ఆ నష్టం నాకు ఇప్పటికీ బాధే. అయితే బెంగళూరు ఆడుగోడిలోని మైకో ఫ్యాక్టరీ ప్లగ్గులు దేశమంతా గ్యారేజీలకు చేరాయి. చేత్తో తిప్పే ముందు మేము విప్పేది వాటినే.

చేత్తో తిప్పే అవసరం విమానాలకూ ఉంది. హెచ్ఏఎల్ సొంతంగా రూపొందించిన హెచ్‌టి-2 శిక్షణ విమానం 1951 ఆగస్టులో ఎగిరింది. దాని సిరస్ మేజర్ ఇంజనులో సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి. అలాంటి ఇంజను నిలబడి ఉన్నప్పుడు ఆయిలు మెల్లగా కిందికి దిగి సిలిండర్లలో చేరుతుంది. ద్రవం అణగదు. అలాగే స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అందుకే అటువంటి విమానాలకు ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూస్తారు. కారుకు హ్యాండిల్ ఎలాగో విమానానికి ప్రొపెల్లర్ అలాగ.

1983లో మారుతి 800 వచ్చింది. అందులో ఇంజను అడ్డంగా కూర్చుంది, క్రాంకు కొస చక్రం వైపు తిరిగింది. ముందు నుంచి కడ్డీ దూర్చే దారే లేకుండా పోయింది. నట్టు మాత్రం ఉంది, సాకెట్టు స్పానరు పెట్టి తిప్పవచ్చు. కానీ తిప్పి చూసే అలవాటు గ్యారేజీల్లో పలచబడింది.

2022 సెప్టెంబరు వానలకు యమలూరు, బెళ్లందూరు వైపు సెల్లార్లలో ఖరీదైన కార్లు నీట మునిగాయి. నీళ్లు తీశాక తొందరపడి స్టార్టు బటన్ నొక్కితే, సిలిండర్‌లోకి చేరిన నీరు రాడ్డును వంచేస్తుంది. ఏ మోడల్ పెట్రోలు బండికైనా దీనికి పద్ధతి పాతదే: బ్యాటరీ విప్పాలి, ప్లగ్గులు తీయాలి, క్రాంకు నట్టుకు స్పానరు తగిలించి, రంధ్రాల్లోంచి నీరు చిమ్మడం ఆగేదాకా చేత్తో తిప్పాలి.