యంత్రములోని యంత్రమునకు ద్వారము

కోదాడ ప్రాంతపు రైతునకు ఒక సత్యము చిన్ననాటినుండియే తెలియును. గట్టు లేనిదే చెరువు నిలువదు. తూము లేనిదే ఆ చెరువు పైరునకు పనికిరాదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు ఆ పొలములకు పారునప్పుడును ఇదే నియమము. నీటిని ఆపుటయు, కావలసినచోట కావలసినంత వదలుటయు, రెండును చేయగలిగినదే సేద్యపు కట్టడము. కంప్యూటరుల చరిత్రలో ఇట్టి చిక్కే ఒకటి ఎదురయ్యెను. ఒక యంత్రము లోపల మరియొక యంత్రమును కల్పించినవారు మొదట దానిచుట్టును గట్టు కట్టిరి. ఆ గట్టునకు తూము ఎచ్చట, ఎంత వెడల్పున పెట్టవలెనను ఆలోచన అరువది సంవత్సరములుగా సాగుచున్నది.

కల్పిత యంత్రమనగా నేమి?

కంప్యూటరు చేయు పనులన్నియు చివరకు ఆజ్ఞలును, సంఖ్యలును మాత్రమే. కనుక తగిన ప్రోగ్రాము వ్రాసినచో ఒక కంప్యూటరు తనలో మరియొక కంప్యూటరు ఉన్నట్లు నటింపగలదు. అట్లు ఏర్పడినదానిని వర్చువల్ మెషీను, అనగా కల్పిత యంత్రము, అందురు. అసలు యంత్రము ఆతిథేయి; కల్పిత యంత్రము అతిథి. తనకు వేరుగా జ్ఞాపకశక్తి, డిస్కు, నెట్‌వర్కు కార్డు ఉన్నట్లే అతిథికి తోచును. నిజమునకు అవన్నియు ఆతిథేయి చూపు రూపములే. అతిథి చెడిపోయినను ఆతిథేయికిగాని, ప్రక్కనున్న మరియొక అతిథికిగాని హాని కలుగకుండ చూచుటయే ఈ ఏర్పాటులోని ముఖ్యోద్దేశము.

లేని కార్డులపై ఉత్తరములు

1964 చివరిలో, అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమునందలి ఐ.బి.యం. వైజ్ఞానిక కేంద్రములో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మొదలగువారు ఈ పనికి పూనుకొనిరి. ఆ దినములలో కంప్యూటరు మిక్కిలి ఖరీదైన వస్తువు. ఒక్కొక్కరికి ఒక్కొక్క యంత్రము ఇచ్చుట అసాధ్యము. ఉన్న ఒక్కదానిని పలువురకు పలు యంత్రములవలె చూపిన నేమియని వారు తలచిరి. సి.పి.-40 అను పేర వారు నిర్మించిన వ్యవస్థ 1967 జనవరి నాటికి నిత్యోపయోగమునకు వచ్చెను. ఐ.బి.యం. 360 తరగతికి చెందిన ఒకే యంత్రముపై పదునాలుగు కల్పిత యంత్రములు నడిచెడివి.

గట్టు బాగుగనే కుదిరెను. కాని ఒక అతిథియందు కూర్చున్నవాడు మరియొక అతిథియందలి మిత్రునకు ఒక ఫైలు పంపుట ఎట్లు? ఆ కాలమున యంత్రములకు సమాచారము నందించునది రంధ్రములు గల అట్ట కార్డులు. ప్రతి అతిథికిని కార్డులకు రంధ్రములు చేయు కల్పిత పరికరము, కార్డులను చదువు కల్పిత పరికరము ఉండెడివి. ఒకని పరికరము రంధ్రములు చేసిన కార్డులు వేరొకని చదువు పరికరములోనికి పోవునట్లు ఏర్పాటు చేసిరి. అట్ట లేదు, రంధ్రము లేదు. సమాచారము మాత్రము చేరినది! కల్పిత యంత్రములు తమలో తాము మాటలాడుకొనిన తొలి మార్గములలో ఇది యొకటి.

1972లో వెలువడిన వి.యం./370లో ఇంకొక అడుగు పడినది. రెండు పెద్ద యంత్రములను నేరుగా కలుపు ఒక పరికరము అప్పటికే వాడుకలో నుండెను. దానికి కల్పిత రూపము నిచ్చి, 'కపుల్' అను ఆజ్ఞతో ఇద్దరు అతిథులను జోడించు వీలు కల్పించిరి. అదే కేంబ్రిడ్జి కేంద్రములో ఎడ్సన్ హెండ్రిక్స్ చేసిన కృషినుండి వి.నెట్ అను ఐ.బి.యం. అంతర్గత నెట్‌వర్కు పెరిగినది. ఇందు ఉత్తరములను మోయు పని కూడ ఒక కల్పిత యంత్రమే చేసెడిది.

బల్లమీది యంత్రములోనికి

తరువాత చిన్న కంప్యూటరుల యుగము వచ్చెను. ఎవరి యంత్రము వారికుండగా కల్పిత యంత్రములతో పనియేమని చాలకాలము లోకము వానిని మరచినది. 1997లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డిస్కో అను ప్రయోగము ఆ పాత ఊహకు మరల ప్రాణము పోసెను. దానిని చేసిన మెండెల్ రోజెన్‌బ్లమ్ మొదలగువారు 1998లో వి.యం.వేర్ సంస్థను స్థాపించిరి. 1999లో వారి వర్క్‌స్టేషన్ ప్రోగ్రాము వెలువడగా, సామాన్యుని బల్లమీది యంత్రమునందును అతిథులు చేరిరి.

ఈసారి కార్డుల మార్గము చాలదు. అతిథికిని ఇంటర్నెట్టు కావలెను. అందుచే అప్పటికి ప్రసిద్ధమైన ఒక నెట్‌వర్కు కార్డును అచ్చముగా అనుకరించి అతిథికి చూపిరి. అతిథి పంపు ప్రతి పొట్లమును ఆతిథేయి అందుకొని ముందునకు పంపవలెను. ఎట్లు పంపవలెనను ప్రశ్నకు మూడు సమాధానములు వాడుకలో నిలిచినవి.

మూడు వాకిళ్లు

ఒక ఇంటిలో అద్దెకున్నవానిని తలచుకొనుడు. ఇంటివారి గదికిని, వాని గదికిని నడుమ లోపలి వాకిలి మాత్రమే ఉన్నచో వారు పరస్పరము మాటలాడుకొందురు. వీథిలోనికి దారి లేదు. ఇది హోస్ట్-ఓన్లీ పద్ధతి. వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాములో ఇట్టి లోపలి దారికి ఆతిథేయి వైపున సామాన్యముగా 192.168.56.1 అను సంఖ్య ఉండును.

రెండవది నాట్ పద్ధతి. అద్దెవాని ఉత్తరములన్నియు ఇంటివారి చిరునామాతో పోవును. జవాబు రాగానే ఇంటివారు తమ పట్టికలో చూచి, ఇది ఎవరిదో గుర్తించి లోపలికి అందింతురు. అయితే బయటివారు తామై మొదట వ్రాసిన ఉత్తరము పట్టికలో ఉండదు. కనుక అది అతిథికి చేరదు. అతిథినుండి ఇంటర్నెట్టు చక్కగా అందుచున్నను, ఆతిథేయినుండి అతిథిని పిలిచిన పలుకకపోవుట క్రొత్తవారిని తికమక పెట్టును. అందులో లోపమేమియు లేదు. పట్టికలో పేరు లేకపోవుటయే కారణము. ఫలానా ద్వారమునకు వచ్చినది ఫలానా అతిథికి ఇమ్మని ముందుగా వ్రాసి పెట్టినచో చిక్కు తీరును. లేదా అతిథికి రెండవ కార్డు నొకదానిని కల్పించి, దానిని లోపలి వాకిలికి కలుపవచ్చును.

మూడవది బ్రిడ్జి పద్ధతి. అద్దెవానికి వీథివైపు వేరుగా వాకిలి తెరచుట ఇది. అతిథికి సొంత చిరునామా లభించును. ఇరుగుపొరుగు యంత్రములకు అది మరియొక నిజమైన యంత్రమువలె కనిపించును. సౌకర్యము పెద్దదే, అపాయమును పెద్దదే. వీథిలోని దొంగ కూడ ఆ తలుపు తట్టగలడు.

నాట్ పద్ధతి వెనుక ఒక విచిత్రమైన కథ కలదు. 1995 ప్రాంతమున డానీ గాస్పరోవ్‌స్కీ స్లర్ప్ అను ప్రోగ్రాము వ్రాసెను. అక్షరములు మాత్రమే చూపు చౌక షెల్ ఖాతా గలవారికి పూర్తి ఇంటర్నెట్టు అందించుట దాని పని. మన దేశమున 1995 ఆగస్టు 15న వి.యస్.యన్.యల్. ప్రజలకు ఇంటర్నెట్టు తెరచినప్పుడు విద్యార్థులకు దొరకినదియు అట్టి ఖాతాయే. కాలక్రమమున షెల్ ఖాతాలు పోయినవి. స్లర్ప్ మాత్రము క్యూఎము, వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాములలో అతిథులకు దారి చూపు పనిలో కుదిరినది. అందు మొదటి అతిథికి తరచుగా కనిపించు 10.0.2.15 అను చిరునామా దాని వారసత్వమే.

నటన ఖరీదు

నిజమైన కార్డును అచ్చముగా అనుకరించుటకు వ్యయము కలదు. ప్రతి పొట్లమునకు అతిథి ఆగి, ఆతిథేయి మేలుకొని, మరల అతిథికి వంతు రావలెను. ఈ రాకపోకలను తగ్గించుటకు 2001లో వి.యం.వేర్ ఇంజనీర్లు తమ కృషిని ప్రకటించిరి. 2008లో రస్టీ రస్సెల్ వివరించిన వర్‌టియో పద్ధతి నటననే విడిచిపెట్టినది. తాను అతిథినని అతిథికి తెలియును. పొట్లముల నొక్కొక్కటిగా కాక, ఇద్దరికిని అందుబాటులో నుండు వరుసలో గుంపుగా ఉంచును. సత్యము చెప్పుకొనుటచే పని వేగవంతమైనది!

నేడు పెద్ద సంస్థల కంప్యూటరు కేంద్రములలో వేలకొలది అతిథులు ఈ దారులపైననే నడుచుచున్నవి. అయినను దీని మేలు అచ్చటితో ముగియదు. కోదాడ వంటి పట్టణములో ఒకే యంత్రము గల ఇంజనీరింగు విద్యార్థి, అందు ముగ్గురు నలుగురు అతిథులను నిలిపి, వారిని కలిపి, విడదీసి, చెడగొట్టి, మరల బాగుచేసి నెట్‌వర్కు విద్య నంతయు నేర్వవచ్చును. ఖరీదైన ప్రయోగశాల అవసరము లేదు. అయితే తలుపు తెరచుటకు ముందు, అది లోపలి వాకిలియా, వీథి వాకిలియా అని యొకమారు చూచుకొనవలెను. ఎంత నీరు ఎటు పోవలెనో ఎరిగినవాడే తూము ఎత్తవలెను.