చల్లని ఇల్లు ‘కచ్చా’ ఎలా అయింది?

ప్రభుత్వ లెక్కల్లో ఇళ్ళకు పక్కా, కచ్చా వంటి పేర్లున్నాయి. సిమెంటు కప్పు ఉంటే పక్కా. గడ్డి, వెదురు, మట్టి అయితే కచ్చా, అంటే పచ్చిది, పూర్తికానిది. కానీ మే నెల మధ్యాహ్నం పసిపిల్లను ఏ కప్పు కింద పడుకోబెడతారని మన ఊళ్ళో తల్లులను అడిగితే వచ్చే జవాబు ఈ లెక్కకు సరిపోదు.

ఆదివాసీలందరి ఇల్లు ఒకటి కాదు. నల్లమల చెంచులది గుండ్రటి గుడిసె. గోదావరి కొండల్లో కొండరెడ్లది వెదురు తడికల ఇల్లు. శ్రీకాకుళం కొండల్లో సవరల ఇళ్ళు వరుసగా, అరుగులతో ఉంటాయి. ఆదిలాబాదు గోండులు గుంజలు పాతి, తడిక అల్లి, మట్టి మెత్తి గోడ లేపారు. 1940లలో హైదరాబాదు రాజ్యంలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో పుస్తకాలు వెలువరించాడు. ఆనాటి మన ఊళ్ళ బతుకు వాటిలో నమోదైంది.

రూపాలు వేరైనా ఈ ఇళ్ళను చల్లగా ఉంచే సూత్రాలు కొన్నే. ఎండుగడ్డి కాడల మధ్య గాలి నిలిచి ఉంటుంది. నిలిచిన గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది, అందుకే నడినెత్తి ఎండ గోడను తాకదు. మందపాటి మట్టిగోడ వేడిని మెల్లగా పీల్చుకుంటుంది. అది లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది, మనుషులు వాకిట్లోకి వస్తారు. అలికిన నేల ఆరుతూ కొంత వేడిని తీసుకుపోతుంది. రేకు మాత్రం ఎండ పడగానే కాలి, ఆ సెగను కిందికి దించుతుంది. సిమెంటు శ్లాబు పగలంతా కాగి, రాత్రి నిద్రపోయే వేళ వేడిని వదులుతుంది.

మరి అలాంటి ఇల్లు ఎందుకు తగ్గిపోయింది? మనవాళ్ళు కట్టడం మరచిపోయి కాదు. గడ్డి కప్పును కొన్నేళ్ళకోసారి మార్చాలి. దానికి అడవి అందుబాటులో ఉండాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలోనూ రిజర్వు హద్దులు గీశారు. అడిగేవాడు లేకుండా తెచ్చుకున్న గుంజకూ వెదురుకూ అనుమతి, రుసుము వచ్చి పడ్డాయి. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో చేర్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చిన పోరాటం భూమి కోసమే కాదు, ఇంటిని ఇచ్చే అడవి కోసం కూడా.

ఆ తర్వాత 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. మొదట అది ఎస్సీ, ఎస్టీలకు, విముక్తి పొందిన వెట్టి కూలీలకు ఉద్దేశించినది. ఆ ఇంటిని మనవాళ్ళు కోరుకున్నారు, అందులో తప్పు లేదు. నిప్పు భయం తగ్గింది, ఏటేటా కప్పు బాగుచేసే చాకిరీ తప్పింది. కాని ఆ నమూనాలో గట్టిదనానికి ఉన్న లెక్క వేడికి లేదు. 2015 వేసవిలో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో వడగాలులకు దాదాపు 2,000 మంది చనిపోయారు. ఎండ ముదిరే కాలంలో ఇల్లు ఎంత వేడెక్కుతుందన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

ఇప్పుడు మన చేతిలో ఒక ఆధారం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, వాటిని సేకరించి వాడుకునే హక్కును మనకిచ్చింది. సామూహిక హక్కుల దరఖాస్తు రాసేటప్పుడు తేనె, ఇప్పపువ్వుతో పాటు కప్పుగడ్డినీ వెదురునూ పేరు పెట్టి రాయాలి. కొత్త ఇళ్ళ జాబితా వచ్చినప్పుడు శ్లాబు మీద గడ్డి నీడ, ముందు అరుగు, దిగిన చూరు కావాలని గ్రామసభ తీర్మానించి అడగాలి.

ఉపాధ్యాయులు ఈ వేసవిలో ఒక పని చేయించవచ్చు. గడ్డి ఇంట్లో ఒకటి, శ్లాబు ఇంట్లో ఒకటి ఉష్ణమాపకం వేలాడదీసి, వారం రోజులు మధ్యాహ్నం రెండింటికీ రాత్రి తొమ్మిదింటికీ పిల్లలతో అంకెలు రాయించాలి. ఏ గడ్డి, ఏ నెలలో కోయాలి, ఎన్నేళ్ళు ఆగుతుంది, దాని పేరు గోండిలో, కోయలో, సవరలో ఏమిటని పెద్దలను అడిగించాలి. ఆ నోటుపుస్తకాన్ని గ్రామసభ ముందు పెడితే, మన మాట వెనక మన లెక్క కూడా ఉంటుంది.